అందరూ చేతులెత్తారు

ఆవిడకి కొర్రీ అని పేరు పెట్టింది ఇస్త్రీ బల్లల దగ్గరివాళ్ళు. మొదట్లో ముద్దుగానే పెట్టారు. ఏ సంగతి మాట్లాడుకుంటున్నా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, "అంతా బానే ఉంది గానీ..." అని ఒక కొర్రీ వేసేది. కిటికీ తెరవమన్నా కొర్రీయే, మూయమన్నా కొర్రీయే. ఆ "గానీ" తర్వాత వచ్చేది ఒక్కోసారి పనికొచ్చే మాట, ఒక్కోసారి ఉత్త చాదస్తం. ఏది ఏదో పూర్తిగా వినేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడకి కూడా తెలిసేది కాదు.

ఆ లాండ్రీ అందులో పనిచేసేవాళ్ళదే. పాత యజమాని ఇక నడపలేనని తాళం వేసి పోబోతుంటే, వీళ్ళంతా కలిసి సంఘం పెట్టుకుని దాన్ని నిలబెట్టుకున్నారు. కింద ముందుగదిలో బట్టలు తీసుకునే బల్ల. దాని వెనక నానబెట్టే తొట్లు, ఉతికే యంత్రాలు, మూలన ఎప్పుడూ గొణుగుతూ ఉండే బాయిలరు. ఇనప మెట్లెక్కితే ఇస్త్రీ గది. ఆ గదిలో ఆవిరి ఎంతగా పట్టేసేదంటే, మధ్యాహ్నానికల్లా గోడలకి కూడా చెమట పట్టేది. ఊళ్ళో ఇంటింటికీ ఒక రంగు దారం ఉండేది. ఏ చొక్కా కాలరు కింద ఏ రంగు కుట్టు ఉందో చూసి ఎవరి మూటలోది వాళ్ళ మూటలో పెట్టేవాళ్ళు.

నెలకోసారి పని అయ్యాక ఇస్త్రీ గదిలో మీటింగు. బల్లలు గోడకి నెట్టి, మూటల మీదే కూర్చునేవాళ్ళు. ఆ మీటింగులు చూసినవాళ్ళెవరూ వాటిని మీటింగులనరు. పెళ్ళివారింట్లో తగువు అంటారు. బాయిలరు మామ ఒక మూలనుంచి అరుస్తుంటే, తొట్ల దగ్గరి ఆడవాళ్ళు ఇంకో మూలనుంచి అందుకునేవాళ్ళు. నీళ్ళు పిండే యంత్రం కొందామన్నప్పుడు కొర్రీ గంటసేపు వాదించింది. ఆ తిప్పుడికి గుడ్డలు చిరిగి పీలికలవుతాయంది. అందరూ ఓపికగా విన్నారు, చివరికి కొందామనే తేల్చారు. యంత్రం వచ్చింది. ఒక్క గుడ్డా చిరగలేదు. మడత వదిన ఒక తువ్వాలు ఎత్తి పట్టుకుని, "ఏదీ, పీలికలు చూపించు" అని ఏడిపించింది. కొర్రీ కూడా కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ రోజుల్లో ఓడిపోవడం అంటే అంతే. పొద్దున్నే మళ్ళీ అదే బల్ల, అదే ఇస్త్రీ.

మడత వదిన అంటే మడతలు వేసే బల్ల దగ్గర పనిచేసే ఆవిడ. చుట్టమేం కాదు, పక్క పక్కన నిలబడి నిలబడి వదినైంది. అసలు చుట్టం ఇంకొకావిడ ఉంది. కొర్రీ తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు. అత్తగారు తొందరగా పోతే, మరుదులను చేతుల మీద పెంచింది ఆవిడే. కొర్రీ మొగుడికి ఆవిడ వదినా, తల్లీ కూడా. ఒకే ఇంట్లో పైవాటా వాళ్ళది, కిందివాటా వీళ్ళది. కొర్రీని లాండ్రీలో పనికి తీసుకొచ్చింది, ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. "అక్కా" అని పిలవడం ఊరికే మాటవరసకి కాదు.

పెద్దకోడలు సంఘానికి ప్రెసిడెంటు అయింది. కావలసిన మనిషే. పని తెలుసు, మాట తెలుసు, పది మందిని వెంటేసుకుని నడవడం తెలుసు. లాండ్రీలో ముసలివాళ్ళు ఇళ్ళ మూటలు మోసుకుంటూ మేడలెక్కి దిగడం చూసి బాధపడేది. "ఈ కాళ్ళవాపుల బతుకు ఇంకెన్నాళ్ళే?" అని కొర్రీతోనే అనేది, పంపు దగ్గర బిందె నిండేలోపు.

అప్పుడే పెద్ద హోటలు వాళ్ళు కబురు పెట్టారు. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, అన్నీ వాళ్ళ వ్యానులోనే తెచ్చి దింపుతారు, వాళ్ళ వ్యానులోనే పట్టుకెళ్తారు. మెట్లెక్కక్కర్లేదు, తలుపులు తట్టక్కర్లేదు. ఒక్కటే షరతు. తమ పని తప్ప ఇంకెవరి పనీ పట్టకూడదు. ఇళ్ళ మూటలు మానేయాలి.

పెద్దకోడలికి దేవుడే దిగొచ్చినట్టయింది. ఆ సంతోషంలో ఒక పని చేసింది. హోటలు మేనేజర్ని కూడా మీటింగుకి పిలిచింది. ఆయనకి కింద బల్ల దగ్గరి కుర్చీ పైకి మోయించి వేసింది. నున్నగా దువ్వుకున్న మనిషి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మూటల మీద కూర్చున్నవాళ్ళని చూసి చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాడు. ఆ కుర్చీ గదిలోకి వచ్చేసరికి గది మారిపోయింది. అరిచేవాళ్ళు అరవలేదు. బాయిలరు మామ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

పెద్దకోడలు సంగతంతా చెప్పి, "మరి అందరికీ సమ్మతమేగా?" అంది.

"అంతా బానే ఉంది గానీ..." అంది కొర్రీ.

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది, మేనేజరు వైపు చూసి, మా ఇంట్లో చిన్నపిల్ల అన్నట్టు.

"ఇళ్ళవాళ్ళని వదిలేస్తే వాళ్ళు ఊరుకుంటారా అక్కా? ఇంకోచోటు చూసుకుంటారు. రేపు వీళ్ళు వద్దంటే మనం ఎవరి మొహం చూడాలి? సగం వాళ్ళది, సగం వీళ్ళది పట్టకూడదా? ఒక్కసారి గట్టిగా మాట్లాడుకుందాం. ఆయన్ని కాసేపు కింద కూర్చోమందాం. చేతులెత్తడం కాకుండా చీటీలు వేద్దాం."

మేనేజరు నవ్వు చెరగలేదు గానీ, చేతులు మోకాళ్ళ మీంచి తీసి కట్టుకున్నాడు. పెద్దకోడలి మొహంలో నెత్తురు పొంగింది.

"ఇంటికొచ్చిన మనిషిని మెట్లు దిగమంటావా?"

"దిగిపొమ్మనట్లేదక్కా. మనలో మనం..."

"చీటీలెందుకు? ఎవరికి భయపడి చీటీలు? నా మీద నమ్మకం ఉందా లేదా, అది చెప్పు."

"నమ్మకం సంగతి కాదక్కా నేనడిగేది."

"నాకు అదే వినిపిస్తోంది."

అక్కడితో హోటలు సంగతి పక్కకి పోయింది. పెద్దకోడలు మంచిదా కాదా, ముసలివాళ్ళ కాళ్ళ మీద ఆవిడకి జాలి ఉందా లేదా అన్నది మిగిలింది. అలా అడిగితే లేదనేవాళ్ళెవరు? తొట్ల దగ్గరివాళ్ళలోంచి ఒక గొంతు లేచింది. "ఎవరో నూరిపోసి పంపినట్టున్నారు." ఇంకో గొంతు, "తోడికోడలు పెద్ద కుర్చీలో కూర్చుంటే కడుపుమంట." నవ్వులు. కొర్రీ ఏదో అనబోయింది. "కూర్చో, కూర్చో" అన్నారు నాలుగు వైపులనుంచీ.

"సరే అనేవాళ్ళు చేతులెత్తండి" అంది పెద్దకోడలు.

చేతులు లేచాయి. కొన్ని ఎత్తుగా, కొన్ని పక్కవాళ్ళని చూసుకుంటూ. మడత వదిన చెయ్యి మోచేతి దాకా లేచి ఆగింది. పెద్దకోడలి చూపు అటు తిరిగేసరికి పూర్తిగా లేచింది. ముందురోజు భోజనాల దగ్గర ఇదే మడత వదిన, "ఇళ్ళ మూటలు మానేస్తే కొంప మునుగుతుందే" అని కొర్రీ చెవిలో ఊదింది. ఇప్పుడు కొర్రీ వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ చెయ్యెత్తి కూర్చుంది.

కొర్రీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం మొగుడు కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"వదినని పరాయివాడి ముందు అంత మాటంటావా?"

"నేనేమన్నానండీ? ఆలోచిద్దామన్నాను."

"నన్ను పెంచిన మనిషి ఆవిడ."

"మిమ్మల్ని పెంచిందని హోటలు వాళ్ళు ఎప్పటికీ ఉంటారా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చెయ్యి కడిగేసుకుని పైవాటాకి వెళ్ళాడు. ఆ రోజునుంచీ తిండి అక్కడే.

పంపు దగ్గర మాటలు ఆగిపోయాయి. కొర్రీ బిందె పెడితే పెద్దకోడలు తన బిందె పక్కకి జరిపి, నిండేదాకా గోడవైపు తిరిగి నిలబడేది. లాండ్రీలో కొర్రీని ఇస్త్రీ బల్ల మీంచి తీసి కింద తొట్ల దగ్గర వేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు. "అక్కడ మనుషులు తక్కువయ్యారు" అన్నారు. భోజనాల వేళ ఆవిడ డబ్బా మూత తీస్తే పక్కవాళ్ళకి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్ళు. కొర్రీ అనే పేరులో ముద్దు పోయింది. ఎవరైనా చిన్న సందేహం అడగబోతే చాలు, "నువ్వూ కొర్రీవి అవుతావా ఏంటి?" అనేవాళ్ళు. అడగబోయినవాళ్ళు నాలిక కరుచుకునేవాళ్ళు. మీటింగులు టీ చల్లారేలోపే అయిపోయేవి. అందరూ ఒక్క మాట మీద ఉన్నారని పెద్దకోడలు పొంగిపోయేది.

తొట్ల నీళ్ళలో చేతులు ముడతలు పడి, చర్మం ఊడి, సోడా మంటకి గోళ్ళ చుట్టూ ఎర్రబడేది. ఆ మంటలో కొర్రీ ఒకటి కోరుకోవడం మొదలెట్టింది. హోటలు వాళ్ళు పోవాలి. తను చెప్పినట్టే జరగాలి. అలా జరిగితే ఎంతమంది పొయ్యిలు ఆరిపోతాయో ఆవిడకి తెలుసు. తన పొయ్యీ అందులో ఒకటని తెలుసు. అయినా తెల్లటి దుప్పట్లు నీళ్ళలోకి తొక్కుతూ అదే కోరుకుంది.

కోరుకున్నట్టే అయింది. హోటలు వాళ్ళు తమ నేలమాళిగలోనే సొంత యంత్రాలు పెట్టుకున్నారు. వచ్చి చెప్పను కూడా చెప్పలేదు. ఒకరోజు వ్యాను రాలేదు. పెద్దకోడలు ఫోను చేస్తే, ఆ నున్నటి మేనేజరు బదిలీ అయిపోయాడని, కొత్తాయన మీటింగులో ఉన్నాడని చెప్పారు. ఇళ్ళవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కొందరు సొంతంగా యంత్రాలు కొనుక్కున్నారు, కొందరు వేరేచోట్ల పడ్డారు. రంగు దారాల ఉండలు అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి. సగం మందిని ఇంటికి పంపేశారు. పంపేసినవాళ్ళలో కాళ్ళవాపుల ముసలివాళ్ళే ఎక్కువ.

అప్పుడు మొదలెట్టారు, ఒక్కొక్కరూ తొట్ల దగ్గరికి రావడం. చుట్టూ చూసుకుని, గొంతు తగ్గించి.

"నాకు అప్పుడే అనిపించిందమ్మా" అన్నాడు బాయిలరు మామ.

"మా ఆయన కూడా ఇదే అన్నాడు" అంది తొట్ల దగ్గర ఒకావిడ. తోడికోడలి మీద కడుపుమంట అని ఆ రోజు అన్నది ఈవిడే.

చివరికి మడత వదిన వచ్చింది. "నీ మాటే నిజమైంది. నా మనసులో మాట నువ్వే చెప్పావు ఆ రోజు."

కొర్రీ తొట్లోంచి చేతులు తీసి చీర కొంగుకి తుడుచుకుంది.

"మరి చెయ్యెందుకెత్తావు?"

మడత వదిన నీళ్ళు నమిలింది. "అందరూ ఎత్తారుగా."

"అందరూ అంటే ఎవరు వదినా? నాకు చెప్పు. వచ్చిన ప్రతివాళ్ళూ లోపల వద్దనే అనుకున్నామంటున్నారు. ఎత్తిన చేతులు ఎవరివి మరి?"

మడత వదిన కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు చూసి కొర్రీకి జాలి కలగలేదు. మంట కలిగింది. వీళ్ళకి మనసులో మాటలున్నాయని ఆవిడకి తెలుసు. లేకపోతే బాధే లేదు.

తర్వాతి మీటింగులో గది మళ్ళీ అరిచింది. కానీ అది పాత అరుపు కాదు. పాత రోజుల్లో ఒకరి మీద ఒకరు అరిచేవాళ్ళు, ఇప్పుడు అందరూ ఒక్కరి మీద అరిచారు. "ముంచావు", "హోటలు వాడి దగ్గర ఏం ముట్టిందో", "దిగిపో". పెద్దకోడలు చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకి ఎవరి దగ్గర్నుంచీ ఏమీ ముట్టలేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఒక్క మాట చెప్పనివ్వండి" అంది.

ఎవరూ చెప్పనివ్వలేదు. ఆవిడ ఆ అరుపుల్లోంచి కొర్రీ వైపు చూసింది. కొర్రీ ఒక్కసారి లేచి, ఆవిడ్ని చెప్పనివ్వండి అంటే ఆగేవాళ్ళు. ఆ రోజు ఆ గదిలో కొర్రీ మాటకి అంత బరువుంది. ఆ సంగతి కొర్రీకీ తెలుసు. నన్ను కూర్చోమన్నప్పుడు ఎవరు అడ్డొచ్చారు గనక, అనుకుంది. మూట మీంచి కదల్లేదు.

పెద్దకోడలు దిగిపోయింది. కొత్త ప్రెసిడెంటు ఎవరని అడిగితే అందరూ కొర్రీ పేరే చెప్పారు. చేతులెత్తమన్నారు. ఒక్కటి తక్కువ లేకుండా లేచాయి. పెద్దకోడలి చెయ్యి కూడా లేచింది. ఆ చేతులన్నీ తన కోసం గాలిలో నిలబడి ఉంటే చూడ్డానికి ఎలా ఉంటుందో కొర్రీకి అప్పుడు తెలిసింది. బాగుంది. చాలా బాగుంది.

కష్టపడలేదని ఎవరూ అనలేరు. ఇంటింటికీ తిరిగింది. మానేసినవాళ్ళ గుమ్మాల ముందు నిలబడి మాటలు పడింది. "ఏమ్మా, హోటలు వాళ్ళు తరిమేస్తే మేం గుర్తొచ్చామా?" అని ఒకాయన తలుపు తెరవకుండా కిటికీలోంచే అడిగాడు. "అవునండీ, తరిమేశారు. ఒక్క మూట ఇచ్చి చూడండి" అంది. కొందరు ఇచ్చారు. అటక మీంచి దారాలు దించారు. లాండ్రీ కాస్త ఊపిరి తీసుకుంది. మొగుడు మళ్ళీ కిందివాటాలోనే తినడం మొదలెట్టాడు. లాండ్రీలో ఆవిడ మాటకి తిరుగులేదు. ఎవరైనా, "అలా కాకుండా ఇలా చేస్తే..." అంటే, "అప్పుడు నేనేం చెప్పానో గుర్తుందా?" అనేది. అది చాలు. ఎదుటివాళ్ళ నోరు మూతపడేది. ఆ ఒక్క మాట ఆవిడకి అన్ని తాళాలకీ తాళంచెవి అయింది. తను ఒకసారి నిజం చెప్పింది. ఆ తర్వాత ఏ సంగతినీ కొత్తగా ఆలోచించాల్సిన అవసరం ఆవిడకి కనబడలేదు. పిండే యంత్రం గుడ్డలు చింపలేదన్న సంగతి ఆవిడా మర్చిపోయింది, గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడు ఆస్పత్రి వాళ్ళు వచ్చారు. మంచాల దుప్పట్లు, ఆపరేషన్ గదుల గుడ్డలు. పని ఎక్కువ, రోజూ ఉంటుంది. ఈసారి ఇంకెవరి పనీ పట్టకూడదన్న షరతు లేదు. కొర్రీ మీటింగులో చెప్పీ చెప్పకముందే, "పెద్దవాళ్ళ జోలి మనకొద్దు. ఇళ్ళ మూటలు మనకి చాలు" అనేసింది.

మడతల బల్ల పక్కన మూట మీంచి పెద్దకోడలు లేచింది. దిగిపోయిన దగ్గర్నుంచి ఆవిడ మీటింగులో నోరు విప్పడం అదే మొదలు.

"ఒక మాట" అంది. "హోటలు పోవచ్చు, ఆస్పత్రి మూతపడదు. నేను చేసిన తప్పు, ఇళ్ళవాళ్ళని వదిలేయడం. ఈసారి వాళ్ళని వదలొద్దు. సగం అదీ, సగం ఇదీ పట్టుకుందాం. ఆస్పత్రి గుడ్డలతో రోగాలొస్తాయన్న భయం ఉంటే, వాటికి వేరే తొట్లు, చేతులకి తొడుగులు వాళ్ళనే అడుగుదాం. ఇచ్చేదాకా ఒప్పుకోవద్దు."

సగం అదీ సగం ఇదీ. కొర్రీ ఒకప్పుడు ఇదే గదిలో అడిగిన మాటే. ఆ మాట ఆవిడ చెవిన పడింది. ఎక్కడో గుచ్చుకుంది కూడా. కానీ ఎవరి నోట్లోంచి వచ్చిందో అదే ముందు వినిపించింది.

"కూర్చో అక్కా" అంది. "నీ మాట వినే ఇక్కడిదాకా వచ్చాం."

గది గొల్లున నవ్వింది. పెద్దకోడలు కూర్చుంది. మూట మీద కూర్చుంటూ చేత్తో తడుముకుంది, చీకట్లో కూర్చునేవాళ్ళలాగా.

"వద్దనేవాళ్ళు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. మడత వదిన చెయ్యి ఈసారి మోచేతి దగ్గర ఆగలేదు.

ఆస్పత్రి పని పక్కవీధిలో కొత్తగా పెట్టిన కంపెనీ లాండ్రీకి పోయింది. వాళ్ళు గోడలకి తెల్లరంగు వేసి, పెద్ద యంత్రాలు దించారు. మనుషులు కావాలని బోర్డు పెట్టారు. మొదట ఇస్త్రీ బల్లల దగ్గరి పడుచువాళ్ళు వెళ్ళారు, తర్వాత తొట్ల దగ్గరివాళ్ళు. వెళ్ళేవాళ్ళెవరూ ఎందుకు వెళ్తున్నామో చెప్పలేదు. "మా అమ్మకి బాలేదు", "ఇల్లు మారుతున్నాం" అన్నారు. నిజం చెబితే కొర్రీ అక్క మొహం మీద ఏమంటుందో వాళ్ళకి తెలుసు. మడత వదిన మాత్రం అదీ చెప్పలేదు. ఒకరోజు రాలేదంతే. మర్నాడు తెల్లగోడల కంపెనీ గేటు దగ్గర కొర్రీకి కనబడింది. ఇద్దరూ తలలు దించుకుని పక్కనుంచి నడిచిపోయారు.

బాయిలరు పాడవుతోందని బాయిలరు మామకి తెలుసు. దాని గొణుగుడు మారిందని ఆయన చాన్నాళ్ళుగా వింటున్నాడు. ఒకసారి చెప్పబోయాడు. "పాతదే గట్టిది మామా" అంది కొర్రీ. ఆయన సరేనన్నాడు. అది చివరికి ఆగిపోయిన రోజు, "నీకు తెలుసా ఇది ఇలా అవుతుందని?" అని అడిగింది.

"తెలుసమ్మా."

"చెప్పొచ్చుగా!"

"చెబితే వింటావా?" అన్నాడాయన. ఎత్తిపొడుపు కూడా లేదు ఆ గొంతులో. వేడినీళ్ళు లేవని చెప్పినంత మామూలుగా అన్నాడు.

లాండ్రీ మూసేయాలా వద్దా అని చివరి మీటింగు పెట్టారు. మిగిలినవాళ్ళకి మూటలు అక్కర్లేదు, ఒక్క బల్ల చుట్టూ సరిపోయారు. కొర్రీ ఆ రోజు ఎంత అడిగిందో. "చెప్పండి. ఏదైనా చెప్పండి. నన్ను తిట్టండి, పర్లేదు. ఏం చేద్దాం?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ, "మీరెలా అంటే అలాగే అక్కా" అంది. పక్కావిడ తలూపింది. కొర్రీ పెద్దకోడలి వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు చెప్పు."

పెద్దకోడలు గోరుతో బల్ల మీది పాత ఇస్త్రీ మచ్చని గీరుతూ కూర్చుంది. "నాకేం తెలుసు?" అంది.

అంతే. మూసేయడానికి కూడా అందరూ చేతులెత్తారు.

కొన్నాళ్ళకి పెద్దకోడలు వాళ్ళు పైవాటా ఖాళీ చేశారు. ఆవిడ చెల్లెలి ఊరికి పోతున్నారు. సామాను కట్టుకుంటుంటే కొర్రీ మెట్లెక్కి వెళ్ళింది. పిలవలేదు, అయినా వెళ్ళింది. తాడు ఒక కొస పట్టుకుంది. పెద్దకోడలు వద్దనలేదు. ఇద్దరూ కలిసి పరుపు చుట్టి కట్టారు. ఇద్దరికీ మూటలు కట్టడం చేతనవును కదా, మాటల్లేకుండానే ముడి బిగిసింది.

"ఆస్పత్రి సంగతి నువ్వు చెప్పినప్పుడు విని ఉండాల్సింది అక్కా" అంది కొర్రీ.

"వింటే ఒప్పుకునేదానివా?"

కొర్రీ ఆలోచించింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఏమో. ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళ చేతులకి పుళ్ళు పడుతున్నాయట. తొడుగులు ఇవ్వట్లేదట."

"నేను తొడుగులు అడుగుదామన్నాను."

"అవును. అడిగితే ఇచ్చేవాళ్ళో లేదో."

"అది తెలీదు" అంది పెద్దకోడలు. "హోటలు సంగతిలో కూడా సగం సగం అంటే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళేమో. అదీ తెలీదు. ఆ రోజు నేను అడగలేదుగా. నువ్వు అడగమన్నందుకే అడగలేదు."

కొర్రీ తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోటినుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఇప్పుడైనా ఇద్దరి మధ్యా ఏదో కరుగుతుందేమో అనుకుంది. చెయ్యి చాచి ఆవిడ మోచెయ్యి ముట్టుకుంది.

పెద్దకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను పొగరుతో చేశాను. నా మటుకు నేను మంచే చేస్తున్నాననుకున్నాను. కానీ నీకు తెలుసు. నోరు నొక్కేస్తే ఎలా ఉంటుందో, తొట్ల దగ్గర కూర్చుని అంతకాలం తెలుసుకున్నావు. తెలిసి తెలిసి నన్ను కూర్చోమన్నావు. వాళ్ళందరి చేత నవ్వించావు."

కొర్రీకి ఏ "గానీ" దొరకలేదు.

సామాను బండి కదిలేటప్పుడు కొర్రీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెద్దకోడలు మరిది దగ్గర ఆగి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కొర్రీ దగ్గరికి వచ్చేసరికి చెప్పుల వైపు చూసుకుంటూ, "వెళ్తున్నాను" అంది. ఎవరైనా ఇల్లు దాటేటప్పుడు వెళ్ళొస్తాననే అంటారు. ఆవిడ వెళ్తున్నానంది.

ఇప్పుడు కొర్రీ కూడా పక్కవీధి కంపెనీలోనే పనిచేస్తోంది, ఆస్పత్రి గుడ్డల విభాగంలో. అద్దాల గదిలో కూర్చునే సూపర్‌వైజరు ఎవరినీ ఏమీ అడగడు. ఏ రోజు ఎవరెక్కడ నిలబడాలో పొద్దున్నే చెబుతాడు. ఇక్కడ ఆవిడని కొర్రీ అని ఎవరూ పిలవరు. వేళ్ళ మధ్య చర్మం పగిలితే మందు రాసుకుని గుడ్డ చుట్టుకుని వస్తుంది. తొడుగుల సంగతి అడుగుదామని పక్కన పనిచేసే ఆవిడతో ఒకసారి మెల్లిగా అంది. పక్కావిడ భయంగా అద్దాల గది వైపు చూసి, కన్నీళ్ళు పెట్టుకున్నంత పనిచేసి, "నువ్వు అడిగితే నేనూ లోపల్లోపల నీ వైపే ఉంటాను" అంది.

కొర్రీ దుప్పటి కొస అందుకుని మడత పెట్టడం మొదలెట్టింది.